దీపం చుట్టూ రంగుల వలయం

1870ల నడిమి కాలం. స్ట్రాస్‌బర్గ్ నగరంలో దీపాలు పెట్టే వేళ. ముప్పయ్యో పడిలో ఉన్న ఒక కంటి వైద్యుడు తల ఎత్తి దీపం వైపు చూశాడు. మంట చుట్టూ గుండ్రంగా ఒక వలయం. లోపలి అంచు నీలం, వెలుపలి అంచు ఎరుపు. గది అంతా పొగమంచు కమ్మినట్టు మసక. కనుబొమ మీద ఎవరో వేలు పెట్టి ఒత్తుతున్నంత బరువు.

ఆయన పేరు లుడ్విగ్ లాకోర్. 1839లో సైలీషియాలోని ఫెస్టెన్‌బర్గ్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. ఫ్రాన్స్ మీద యుద్ధం గెలిచి జర్మనీ కలుపుకున్న స్ట్రాస్‌బర్గ్‌లో 1872లో కొత్త విశ్వవిద్యాలయం తెరిచారు. అక్కడ కంటి వైద్యం బోధించే ఆచార్యుడు ఆయన. ఇంకెవరైనా అయితే కళ్లు నులుముకుని, నిద్ర చాలలేదనుకుని ఊరుకునేవారు. ఆయనకు ఆ వీలు లేదు. ఆ రంగుల వలయం దేనికి గుర్తో విద్యార్థులకు చెప్పేది ఆయనే.

గ్లకోమా. మన వైపు నీటికాసులు అంటారు.

అలాంటి సాయంత్రాలు ఆయనకు ఒకటి రెండు కాదు, ఏళ్ల తరబడి వచ్చాయి. వచ్చి, కొన్ని గంటలుండి, పోయేవి. పొద్దున లేచేసరికి చూపు తేటపడేది. ఈ జబ్బులో అదే మోసం. పోయింది కదా అని మనిషి మరిచిపోతాడు. కంటి వెనక నాడి మాత్రం ప్రతి దాడికీ కొంత నష్టపోతూనే ఉంటుంది.

లోపల జరిగేది ఇది. నల్లగుడ్డుకూ కటకానికీ మధ్య తేటనీరు నిరంతరం ఊరుతూ ఉంటుంది, నిమిషానికి రెండు మూడు మైక్రోలీటర్ల చొప్పున. ఊరిన నీరు కంటి అంచు మూలలో ఉన్న జల్లెడ లాంటి కణజాలం గుండా రక్తంలోకి వెళ్లిపోవాలి. కొందరి కళ్లలో ఆ మూల పుట్టుకతోనే ఇరుకు. చీకటి పడి కనుపాప పెద్దదయినప్పుడు దాని చుట్టూ ఉండే రంగు తెర ముడతపడి, మూలకు జరిగి, నీరు పోయే దారికి అడ్డం పడుతుంది. నీరు ఊరడం ఆగదు, పోవడం ఆగుతుంది. మామూలుగా పాదరసం కొలతలో 10 నుంచి 21 మిల్లీమీటర్లుండే కంటి ఒత్తిడి అలాంటప్పుడు 50 కూడా దాటవచ్చు. నల్లగుడ్డులోకి నీరు చేరి ఉబ్బుతుంది. దీపం వెలుగు అందులో చెదిరి రంగులుగా విడిపోతుంది. లాకోర్ చూసిన వలయం అదే. కంటి నుంచి మెదడుకు పోయే నాడిలో సుమారు పన్నెండు లక్షల పోగులుంటాయి. ఒత్తిడి కింద అవి చచ్చిపోతాయి. చచ్చిన పోగు మళ్లీ మొలవదు.

ఆయన ముందు అప్పుడున్న దారి ఒక్కటే, కత్తి. 1857లో బెర్లిన్‌లో అల్బ్రెక్ట్ ఫాన్ గ్రేఫె రంగు తెరలోంచి చిన్న ముక్క కోసి తీసేస్తే గ్లకోమా దాడి ఆగుతుందని లోకానికి చూపించాడు. అంతకు ముందు ఈ జబ్బు వచ్చిందంటే గుడ్డితనమే. కాబట్టి ఆ కత్తి వరమే. అయినా కంటిని మొద్దుబార్చే కొకైన్ చుక్కలు వాడుకలోకి వచ్చింది 1884లో. అప్పటిదాకా కంటి ఆపరేషన్ అంటే ఎంత ధైర్యం కావాలో కంటి వైద్యుడికి ఒకరు చెప్పనక్కర్లేదు. కంట్లో వేసుకునే మందు ఏదైనా ఉంటే?

గ్లకోమాకు అలాంటి మందు ఏదీ లేదు. ఉన్న ప్రసిద్ధమైన చుక్కల మందు అట్రోపిన్, దాన్ని వేస్తే కనుపాప విచ్చుకుని దాడి ఇంకా ముదురుతుంది. మన పొలం గట్ల మీది ఉమ్మెత్తలో ఉండేది ఆ జాతి విషమే. పొరపాటున ఉమ్మెత్త గింజలు తిన్నవాళ్ల కనుపాపలు ఎంత పెద్దవైపోతాయో మన ఊళ్లలో వైద్యం చేసినవాళ్లకు తెలుసు. కావలసింది దానికి సరిగ్గా ఎదురు మందు.

అది అప్పటికే యూరప్ చేరింది, పడమటి ఆఫ్రికా నుంచి, ఒక నేర విచారణ ఆచారం వల్ల.

ఇప్పటి నైజీరియా ఆగ్నేయ మూలలో కాలబార్ నది ఒడ్డున ఎఫిక్ ప్రజల పట్టణాలున్నాయి. ఆ నది వెంట పాకే తీగకు ముదురు గోధుమరంగు గింజలు కాస్తాయి. ఎఫిక్ భాషలో దాని పేరు ఎసెరె. చేతబడి చేశాడనో, ఎవరినో చంపాడనో ఆరోపణ వచ్చిన మనిషికి ఆ గింజలు నూరిన నీళ్లు తాగించేవారు. వాంతి చేసుకుని బతికితే నిర్దోషి. చస్తే దోషి. నిర్భయంగా గటగటా తాగినవాడికి వాంతి అయి విషం బయటపడేదనీ, భయంతో కొంచెం కొంచెం చప్పరించినవాడి ఒంట్లోకి అది మెల్లగా ఇంకేదనీ తర్వాతివాళ్లు వివరణ ఇచ్చారు. ఆ లెక్కన కూడా భయస్తుడైన నిరపరాధి బతికే అవకాశం తక్కువే. ఆ గింజ ఎంతమందిని బలి తీసుకుందో ఆలోచిస్తే గుండె బరువెక్కుతుంది. మందుల చరిత్ర రాసేటప్పుడు ఆ మనుషులను దాటేసి పోవడం నాకు న్యాయంగా తోచదు. ఈ విషం మనిషి శరీరంలో ఏం చేస్తుందో తొలిసారి లోకానికి తెలిసింది వాళ్ల చావుల వల్లే.

విలియం డేనియెల్ అనే బ్రిటిష్ వైద్యుడు ఈ ఆచారాన్ని గురించి 1846లో లండన్‌లో చెప్పాడు. స్కాట్లండ్ క్రైస్తవ మిషనరీలు కాలబార్‌లో స్థిరపడ్డాక గింజలు ఎడిన్‌బరోకు చేరాయి. అక్కడ వాటి కోసం ఎదురు చూస్తున్నవాడు రాబర్ట్ క్రిస్టిసన్. ఔషధశాస్త్ర ఆచార్యుడు, 1829లోనే విషాల మీద పెద్ద గ్రంథం రాసినవాడు.

1855లో ఒక రాత్రి పడుకునే ముందు ఆయన ఆ గింజలో ఎనిమిదో వంతు నమిలి మింగాడు. కాళ్లూ చేతులూ కొంచెం తిమ్మిరెక్కాయి. నిద్రపట్టింది. తెల్లవారి లేచాక ఇంతేనా అనుకున్నాడేమో, ఈసారి నాలుగో వంతు మింగాడు. ఇరవై నిమిషాలు గడిచేసరికి తల తిరగడం మొదలైంది. ఒళ్లంతా సత్తువ చచ్చిపోతోంది. విషాల మీద పుస్తకం రాసిన మనిషికి ఇక ఆగకూడదని తెలుసు. చేతికందిన దాంట్లో వాంతి చేయించగలిగేది గడ్డం గీసుకున్న సబ్బునీళ్లు. అవే తాగేశాడు. వాంతి అయింది. పడక మీదికి చేరాడు. నాడి గతి తప్పింది, గుండె ఒక తీరూ తెన్నూ లేకుండా కొట్టుకుంటోంది, కండరాలు మాట వినడం లేదు. బుద్ధి మాత్రం తేటగా ఉంది. తనకేం జరుగుతోందో గమనిస్తూ పడుకున్నాడు. తోటి వైద్యులు పరుగున వచ్చారు. బతికాడు. బతికి, ఆ అనుభవాన్నంతా పూసగుచ్చినట్టు రాసి ప్రకటించాడు.

ఆయన శిష్యుడు థామస్ ఫ్రేజర్, 1841లో మన కలకత్తాలో పుట్టిన స్కాట్ యువకుడు. 1862లో వైద్య పట్టం కోసం కాలబార్ గింజ మీదే సిద్ధాంత వ్యాసం రాసి బంగారు పతకం గెలుచుకున్నాడు. పరిశోధనలో అతనికి ఒక సంగతి కనిపించింది. గింజ సారం కంట్లో వేస్తే కనుపాప కుంచించుకుపోతోంది. ఆ మాట స్నేహితుడు డగ్లస్ ఆర్గైల్ రాబర్ట్‌సన్ చెవిన వేశాడు. రాబర్ట్‌సన్ కంటి వైద్యుడు, పాతికేళ్లవాడు. విన్నవాడు ఊరుకోలేదు. ఆ సారం తెచ్చుకుని తన కంట్లోనే వేసుకున్నాడు.

కాసేపటికి దూరపు వస్తువులు మసకబారాయి, దగ్గరవి మాత్రం తేటగా ఉన్నాయి. అద్దంలో చూసుకుంటే ఆ కంటి పాప సూది మొనంత. కంటికి దగ్గరి చూపు కుదిర్చే కండరం బిగుసుకుపోయిందని ఆయన గ్రహించాడు. అట్రోపిన్ చేసేదానికి ఇది అక్షరాలా తలకిందులు. 1863లో ఎడిన్‌బరో వైద్యుల ముందు ఈ సంగతి చెప్పి, అక్కడి వైద్య పత్రికలో రాశాడు. మరుసటి ఏడాది ప్రాగ్‌లో ఖైదీలు కొందరు సారా అనుకుని అట్రోపిన్ తాగి ప్రాణం మీదికి తెచ్చుకుంటే, క్లైన్‌వాక్టర్ అనే వైద్యుడు కాలబార్ సారంతో ఒకరిని కోలుకునేలా చేశాడు. విషానికి విషం విరుగుడైంది. 1864లో జర్మన్ రసాయనవేత్తలు యోబ్‌స్ట్, హెస్సె గింజలోని అసలు సారాన్ని వేరు చేసి ఫైసోస్టిగ్మిన్ అన్నారు. ఫ్రెంచివాళ్లు ఎఫిక్ మాటను నిలబెట్టి ఎసెరిన్ అన్నారు.

ఇంత జరిగినా గ్లకోమాకు అది మందు అవుతుందని గట్టిగా నిలబెట్టడానికి మరో పన్నెండేళ్లు పట్టింది. ఆ పని చేసినవాడు, తన కళ్ల ముందే రంగుల వలయాలు తిరుగుతున్న లాకోర్.

అప్పట్లో కంటి ఒత్తిడి కొలిచే సాధనం వైద్యుడి చూపుడువేళ్లే. రోగిని కిందికి చూడమని, మూసిన రెప్ప మీద రెండు వేళ్లతో మార్చి మార్చి నొక్కి, గుడ్డు ఎంత గట్టిగా ఉందో పోల్చుకునేవారు. గ్లకోమా కన్ను వేలి కింద రాయిలా తగిలేది. ఫైసోస్టిగ్మిన్ చుక్క వేశాక అదే కన్ను మెత్తబడుతుంటే వేలి కొసలకు తెలిసిన సంతోషం ఎలాంటిదో ఊహించుకోండి. కత్తి లేకుండా ఒత్తిడి దిగింది. 1876లో లాకోర్ ఆ ఫలితాన్ని బెర్లిన్ నుంచి వెలువడే వైద్య పత్రికలో ప్రకటించాడు. గ్లకోమాకు కంటి చుక్కల వైద్యం మొదలైన ఏడాది అది. మరుసటి ఏడాదికల్లా డార్మ్‌స్టాట్‌లో అడోల్ఫ్ వేబర్ బ్రెజిల్ ఆకు నుంచి తీసిన పైలోకార్పిన్‌తో అదే పని చేసి చూపించాడు.

రోగుల కంట్లో వేసిన మందును లాకోర్ తన కంట్లోనూ వేసుకున్నాడు. ఎసెరిన్ సుఖమైన మందు కాదు. రెప్ప అదురుతుంది, కనుబొమ పోటు పెడుతుంది, చూపు చీకటిపడుతుంది. అయినా దాడి దిగేది. ఇక్కడే ఆయన మీద నాకు గౌరవం రెట్టింపవుతుంది. తాను కనిపెట్టిన వైద్యం కదా అని దాన్నే పట్టుకుని వేలాడలేదు. చుక్క దాడిని తగ్గిస్తుంది, కంటిలోని ఇరుకును మార్చలేదు. ఆ నిజాన్ని ఒప్పుకుని 1880లో జ్యూరిక్ వెళ్లి, యోహాన్ హార్నర్ అనే పేరుమోసిన వైద్యుడి కత్తి కింద తన కళ్లు పెట్టాడు. ఆపరేషన్ ఫలించింది. ఆ తర్వాత దశాబ్దాల పాటు స్ట్రాస్‌బర్గ్‌లో చూస్తూ, చూపిస్తూ, బోధిస్తూ బతికాడు. ఇవాళ ఇరుకు మూల గ్లకోమాకు చేసే వైద్యం కూడా అదే వరస. ముందు మందుతో ఒత్తిడి దింపుతారు, ఆ తర్వాత లేజర్‌తో రంగు తెరకు చిన్న రంధ్రం పెడతారు.

1909లో లాకోర్ కన్నుమూశాడు. అదే ఏడాది జనవరిలో ఆర్గైల్ రాబర్ట్‌సన్ కూడా వెళ్లిపోయాడు, అదీ మన దేశంలో. ఎడిన్‌బరోలో వైద్యం చదివిన గోండల్ సంస్థానాధీశుడు భగవత్‌సింహ్‌జీ ఆయనకు ఆప్తుడు. గుజరాత్‌లోని ఆ ఊరికి అతిథిగా వచ్చి అక్కడే పోయాడు. గోండలీ నది ఒడ్డున చితి పేర్చి, భగవత్‌సింహ్‌జీ స్వయంగా నిప్పు పెట్టాడు.

ఆ మందు కంట్లో ఎందుకు పని చేస్తుందో వాళ్లిద్దరికీ చివరిదాకా తెలియదు. తెలియడానికి కావలసిన ఆధారం అప్పటికి ఎవరి దగ్గరా లేదు. నరం కండరానికి ఆజ్ఞ ఎలా ఇస్తుంది? విద్యుత్తుతోనే అని ఎక్కువమంది నమ్మకం.

ఆ నమ్మకాన్ని కదిలించినవాడు ఓటో లోవి. 1873లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టాడు. 1891లో వైద్యం చదవడానికి చేరింది స్ట్రాస్‌బర్గ్ విశ్వవిద్యాలయంలోనే, లాకోర్ కంటి వైద్యం బోధిస్తున్న రోజుల్లో. ముప్పయ్యేళ్లు గడిచాయి. ఆస్ట్రియాలోని గ్రాట్స్‌లో ఆచార్యుడిగా ఉన్నప్పుడు, ఈస్టర్ రోజుల్లో ఒక రాత్రి ఆయనకు కలలో ఒక ప్రయోగం తోచింది. ఉలిక్కిపడి లేచి చిన్న కాగితం మీద గిలికి మళ్లీ పడుకున్నాడు. పొద్దున చూస్తే రాసింది తనకే అర్థం కాలేదు. రోజంతా తల బద్దలు కొట్టుకున్నాడు. ఆ రాత్రి మూడు గంటల వేళ మళ్లీ అదే కల. ఈసారి కాగితం జోలికి పోలేదు. లేచి తిన్నగా ప్రయోగశాలకు నడిచాడు.

రెండు కప్ప గుండెలు. ఒకదానికి వేగస్ నరం ఉంచాడు, రెండోదానికి నరం తీసేశాడు. రెండూ ఉప్పు ద్రావణంలో కొట్టుకుంటున్నాయి. మొదటి గుండె నరాన్ని విద్యుత్తుతో తట్టి లేపాడు. గుండె నెమ్మదించింది. దాని చుట్టూ ఉన్న ద్రావణాన్ని తీసి రెండో గుండెకు అందించాడు. ఏ నరమూ లేని ఆ గుండె కూడా నెమ్మదించింది.

నరం కొస నుంచి ఏదో రసాయనం ఊడిపడి ఆజ్ఞను మోసుకుపోతోంది. 1921లో లోకానికి తెలిసిన ఈ ప్రయోగంతోనే నాడీ రసాయనాల శాస్త్రం నిలదొక్కుకుంది. ఆ రసాయనం అసిటైల్‌కోలిన్ అని తర్వాత తేలింది. 1926లో లోవి, ఆయన సహచరుడు నవ్రాటిల్ ఇంకో ముడి విప్పారు. శరీరంలో అసిటైల్‌కోలిన్‌ను క్షణాల్లో విరగ్గొట్టే ఎంజైమ్ ఒకటి ఉంది. ఆ ఎంజైమ్‌ను పని చేయనీయకుండా ఆపేది మరేదో కాదు, ఎసెరిన్.

లాకోర్ వ్యాసానికి సరిగ్గా యాభై ఏళ్లకు సమాధానం దొరికింది. కంటిలోని కండరాలకు వచ్చే నరాల కొసల్లోంచి అసిటైల్‌కోలిన్ ఎప్పుడూ కొద్దికొద్దిగా విడుదలవుతూనే ఉంటుంది. ఎంజైమ్ దాన్ని వెంటవెంటనే చెరిపేస్తుంది. ఎసెరిన్ ఆ చెరిపే చేతిని పట్టుకుంటుంది. అప్పుడు అసిటైల్‌కోలిన్ పేరుకుని కనుపాప చుట్టూ ఉన్న కండరాన్ని బిగిస్తుంది. రంగు తెర మూల నుంచి పక్కకు లాగబడుతుంది. లోపలి మరో కండరం కూడా బిగిసి నీరు పోయే కణజాలాన్ని సాగదీసి తెరుస్తుంది. ఆగిన నీరు కదులుతుంది. కాలబార్‌లో ఆరోపణ పడ్డ మనిషి ప్రాణం పోయిందీ ఈ రసాయనం ఒళ్లంతా పేరుకోవడం వల్లే. స్ట్రాస్‌బర్గ్‌లో కన్ను మెత్తబడిందీ అందువల్లే. తేడా అల్లా మోతాదు, మందు చేరిన చోటు.

లోవికి 1936లో మిత్రుడు హెన్రీ డేల్‌తో కలిపి నోబెల్ వచ్చింది. 1938లో నాజీలు ఆస్ట్రియాలో అడుగుపెట్టిన రాత్రే యూదుడైన ఆయన్ని ఖైదు చేశారు. నోబెల్ డబ్బు వాళ్ల బ్యాంకుకు ధారపోశాకే దేశం దాటనిచ్చారు. జైల్లో ఉండగా ఆయన అడిగినవి ఒక కార్డు, ఒక కలం. చంపేస్తారేమోనన్న భయంతో, అప్పటిదాకా ప్రకటించని ప్రయోగ ఫలితాన్ని ఆ కార్డు మీద రాసి పత్రికకు పంపాడు.

ఎసెరిన్ కథలో ఇంకొకరి పేరు చెప్పకుండా ముందుకు పోలేను. పెర్సీ జూలియన్. 1899లో అమెరికాలో అలబామా రాష్ట్రంలో, బానిసల మనవడిగా పుట్టిన నల్లజాతి రసాయనవేత్త. ఆఫ్రికా గింజ లేకుండా ఆ మందును ప్రయోగశాలలో తయారు చేయాలని పూనుకున్నాడు. అదే పనిలో ఆక్స్‌ఫర్డ్‌లో రాబర్ట్ రాబిన్సన్ అనే మహా రసాయనవేత్త ముందున్నాడు. రాబిన్సన్ చూపిన దారి తప్పని, తనది సరైనదని జూలియన్ అచ్చులో అన్నాడు. తేల్చేది ఒక్కటే, స్ఫటికం కరిగే ఉష్ణోగ్రత. సహచరుడు యోసెఫ్ పిక్ల్‌తో కలిసి తయారు చేసిన పదార్థం, సహజమైనది, రెండూ ఒకే దగ్గర కరిగాయి. 1935లో జూలియన్ పరిశోధన చేసిన డిపావ్ విశ్వవిద్యాలయం పేరు ఆ విజయంతో రసాయన లోకమంతా మోగింది. ఆ విశ్వవిద్యాలయమే ఒంటి రంగు చూసి ఆయనకు అధ్యాపకుడి కుర్చీ నిరాకరించింది. చదువుతున్నప్పుడు నాకు కలిగిన కోపం ఇంకా చల్లారలేదు.

అసిటైల్‌కోలిన్‌తో ఈ జబ్బు కథ అయిపోలేదు. కంట్లో నీరు ఊరడాన్ని పెంచే ఆజ్ఞలు నారడ్రినలిన్ అనే మరో నాడీ రసాయనం దారిలో వస్తాయి. ఆ ఆజ్ఞ చేరే తలుపు మూస్తే నీరు ఊరడం తగ్గుతుంది. 1978లో అమెరికాలో అనుమతి పొందిన టిమొలాల్ చుక్క చేసేది ఆ పనే. మన ఇళ్లలో గ్లకోమా ఉన్న పెద్దవాళ్ల సీసాల్లో ఇప్పటికీ అది ఉంటుంది. కంట్లో వేసిన చుక్క ముక్కులోకి దిగి రక్తంలో కలుస్తుంది. అందుకే ఉబ్బసం ఉన్నవాళ్లకు టిమొలాల్ ప్రమాదం. వైద్యుడు అడగకపోయినా ఆ మాట మనమే చెప్పాలి.

మూడో రసాయనం గ్లూటమేట్. రెటీనాలో ఒక కణం నుంచి మరో కణానికి చూపును అందించేది అదే. 1957లో లూకస్, న్యూహౌస్ అనే ఇద్దరు పరిశోధకులు చిన్న ఎలుకలకు గ్లూటమేట్‌ను ఎక్కువగా ఎక్కించి చూస్తే రెటీనా లోపలి పొరలు నాశనమైపోయాయి. ఆజ్ఞను మోసే రసాయనమే మితిమీరితే కణాన్ని చంపుతుంది. గ్లకోమాలో నాడి చనిపోవడం వెనక ఇదే ఉందేమోనని 1990లలో పెద్ద ఆశ పుట్టింది. రోగుల కంటి ద్రవంలో గ్లూటమేట్ ఎక్కువగా ఉందని ఒక నివేదిక వచ్చింది. తర్వాత వెతికినవాళ్లకు అది దొరకలేదు. అయినా గ్లూటమేట్ దెబ్బను అడ్డుకునే మెమాంటిన్ అనే మతిమరుపు మందును రెండు వేల మందికి పైగా గ్లకోమా రోగుల మీద నాలుగేళ్లు పరీక్షించారు. నాడికి రక్షణ దొరకలేదు. పూర్తి ఫలితాలు 2018లో అచ్చయ్యాయి.

ఓడిపోయిన పరీక్ష కదా అని దీన్ని దాటేయకూడదు. అన్నేళ్లు మాత్రలు మింగి, పరీక్షల గదుల్లో ఓపికగా కూర్చున్న ఆ రెండు వేల మంది మనకో గట్టి నిజాన్ని చేతికిచ్చారు. ఒత్తిడితో పని లేకుండా నాడిని నేరుగా కాపాడే మందు మన దగ్గర లేదు. గట్టిగా రుజువైన వైద్యం ఇవాళ్టికీ కంటి ఒత్తిడి తగ్గించడం ఒక్కటే. నరాలకు బలమని చెప్పి ఎవరైనా చుక్కల మందు మాన్పించి మాత్రలు చేతిలో పెడితే నమ్మవద్దు.

మన తెలుగు నేల సంగతి. 1990ల చివర హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇల్లిల్లూ తిరిగి కంటి జబ్బుల సర్వే చేసింది. హైదరాబాద్‌లో మూల ఇరుకు లేని రకం గ్లకోమా ఉన్నట్టు తేలినవాళ్లలో పదిమందికి తొమ్మిదిమందికి పైగా ఆ సంగతి అప్పటిదాకా తెలియదు. ఎక్కువ మందిలో ఈ జబ్బు లాకోర్‌కు వచ్చినట్టు వలయాలతో, నొప్పితో రాదు. ఏ గుర్తూ లేకుండా పక్క చూపును అంచుల నుంచి తినుకుంటూ వస్తుంది. ఎదురుగా ఉన్న అక్షరం చివరిదాకా కనిపిస్తూనే ఉంటుంది కాబట్టి మనిషికి అనుమానం రాదు. ఇరుకు మూల రకం మన ఆసియావాళ్లలో తెల్లవాళ్లకన్నా ఎక్కువ. అంటే లాకోర్ కథ స్ట్రాస్‌బర్గ్‌కన్నా మనకే దగ్గర.

నలభై దాటినవాళ్లు కళ్లజోడు కోసం వెళ్లినప్పుడు అద్దాల నంబరుతో సరిపెట్టుకోకండి. కంటి ఒత్తిడి చూడమని, కంటి నరం చూడమని, మూల ఎంత ఇరుకుగా ఉందో చూడమని నోరు తెరిచి అడగండి. ఇంట్లో ఒకరికి నీటికాసులు ఉంటే అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ పిల్లలూ అందరూ చూపించుకోండి. దురదకో ఎరుపుకో మందుల షాపులో స్టెరాయిడ్ చుక్కలు కొని నెలల తరబడి వేసుకోవద్దు, అవి కంటి ఒత్తిడి పెంచుతాయి. డాక్టరు రాసిన చుక్కలు చూపు బాగానే ఉందని మానేయవద్దు. బాగా ఉన్న చూపును నిలపడానికే ఆ చుక్క. వేసుకున్నాక కన్ను మూసి, ముక్కు పక్కన కంటి మూలను రెండు నిమిషాలు వేలితో అదిమిపట్టండి. ఒక రాత్రి కన్ను ఎర్రబడి, భరించలేని తలనొప్పితో వాంతులై, దీపం చుట్టూ రంగులు కనిపిస్తే పార్శ్వనొప్పి అనో పైత్యం అనో తెల్లారేదాకా ఆగకండి. ఆ రాత్రే కంటి ఆసుపత్రికి వెళ్లండి.